బండి కదిపే ముందు: కారుకీ సైకిలుకీ అయిదు నిమిషాల తనిఖీ

కొత్త కారు కొన్నరోజు దుర్గగుడి దగ్గర పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేటప్పుడు నాలుగు చక్రాల దగ్గరా వంగి చూస్తాం. మళ్లీ అంత శ్రద్ధగా బండి చుట్టూ తిరిగేది దసరాకి, ఆయుధపూజ నాడు. మధ్య రోజులన్నీ తాళం తిప్పడం, వెళ్లిపోవడం. ఈ వ్యాసం ఆ మధ్య రోజుల కోసం, విజయవాడ, గుంటూరు ఎండల్నీ వానల్నీ దృష్టిలో పెట్టుకుని రాసింది.

చూడటం తేలికే. చూశాక ఏం చెయ్యాలో ముందుగా అనుకుని ఉండం, అక్కడే వస్తుంది చిక్కు. వెనక టైరు కాస్త దిగినట్టుందని గమనించిన మనిషే 'సాయంత్రం వచ్చేటప్పుడు గాలి కొట్టిద్దాంలే' అనుకుని, అదే టైరు మీద బెంజి సర్కిల్ దాటి హైవే ఎక్కేస్తాడు. ఆఫీసుకి ఆలస్యమవుతున్నప్పుడు మన బుర్ర ఎప్పుడూ 'ఏం కాదులే' వైపే మొగ్గుతుంది. కాబట్టి ఇంట్లో కుదురుగా కూర్చున్నప్పుడే ఒక మాట అనుకోండి: ఏ తేడా కనిపించినా దానికి మూడు జవాబులే ఉంటాయి. వెళ్లొచ్చు. దగ్గర్లో ఉన్న మెకానిక్ దాకా మాత్రమే, అదీ నెమ్మదిగా. అసలు కదపకూడదు. దేనికి ఏ జవాబో చెబుతూ వెళతాను.

కారు: తలుపు తీయకముందు

1. పది అడుగుల దూరంలో ఆగి బండిని చూడండి. ఒక పక్కకి ఒరిగినట్టుంటే టైరైనా దిగి ఉండాలి, స్ప్రింగైనా విరిగి ఉండాలి. దగ్గరకెళ్లి పోల్చడం కన్నా దూరం నుంచే ఇది బాగా తెలుస్తుంది.

2. వంగి కింద చూడండి. ఎండాకాలంలో కుక్కపిల్లలు బండి నీడలోనే పడుకుంటాయి. చలికాలం రాత్రుళ్లు పిల్లులు వెచ్చదనానికి ఇంజను దాకా ఎక్కేస్తాయి. బానెట్ మీద రెండు దెబ్బలు తట్టి ఒక్క క్షణం ఆగితే అవి దిగి పోతాయి.

3. నేల మీద మరకలు చూడండి. ఏసీ వాడిన కారు కింద నీళ్ల మడుగు మామూలే. రంగు, జిడ్డు, వాసన లేకపోతే పట్టించుకోనక్కర్లేదు. నల్లగా, గోధుమ రంగులో జిడ్డుంటే ఇంజనాయిలు. పచ్చగానో గులాబీ, నారింజ రంగుల్లోనో ఉంటే కూలెంటు, అంటే ఇంజనుని చల్లబరిచే ద్రవం. ఈ రెండూ చుక్కలుగా ఉంటే, బానెట్ ఎత్తి మట్టం చూసి, సరిపడా ఉంటే మెకానిక్ దాకా. మడుగు కట్టి ఉంటే కదపొద్దు. ఏదో ఒక చక్రం దగ్గర లేత పసుపు రంగు జిడ్డు చుక్కలు కనిపిస్తే అది బ్రేక్ ఆయిల్ కావచ్చు. అప్పుడు చుక్కలా మడుగా అని చూడక్కర్లేదు, బండి అక్కడే ఉండాలి. పెట్రోలు వాసన వస్తున్నా అంతే.

టైర్లు: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

రోజూ చూడాల్సింది కంటితో. నాలుగు టైర్లలో ఏదైనా మిగతావాటి కన్నా దిగి ఉందా, మేకు దిగిందా, పక్క గోడ మీద గాటు గానీ ఉబ్బు గానీ ఉందా? మేకు కనిపిస్తే పీకకండి. ట్యూబ్‌లెస్ టైరులో గాలిని ఆపుతున్నది ఆ మేకే కావచ్చు. గాలి ఉన్నంతలో నెమ్మదిగా పంచరు షాపుకి వెళ్లండి. పక్క గోడ ఉబ్బిందంటే లోపల దారాలు తెగాయని అర్థం. దానికి పంచరు వేసినట్టు అతుకు వేయరు. స్టెప్నీ మార్చాకే కదలాలి.

పదిహేను రోజులకోసారి గేజితో గాలి కొలిపించండి. బంకులో కుర్రాడు "ఎంత పెట్టమంటారు సార్?" అంటాడు. మనం "ఎంత పెడతారో అంత పెట్టవయ్యా" అంటాం. అతను అందరికీ పెట్టేదే పెడతాడు. మీ కారుకి ఎంత కావాలో మీ కారు మీదే రాసి ఉంటుంది. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఓ చిన్న స్టిక్కరుంటుంది. కొన్ని బళ్లకు పెట్రోలు మూత లోపలి వైపు ఉంటుంది. చిన్న కార్లకు సాధారణంగా 30 నుంచి 36 పీఎస్ఐ లోపు. అయిదుగురెక్కి, డిక్కీ నింపినప్పుడు వెనక టైర్లకు ఎంత పెంచాలో కూడా దాని మీదే ఉంటుంది. టైరు మీద అచ్చేసిన పెద్ద అంకె మోయగలిగిన గరిష్ఠ పరిమితి. దాన్ని చూసి గాలి పెట్టించకూడదు.

ఆ స్టిక్కరు మీది లెక్క చల్లటి టైరుకి. అంటే మూడు గంటలైనా ఆగి ఉన్న బండి, లేదా రెండు కిలోమీటర్లకు మించి తిరగనిది. టైరులో గాలి పది డిగ్రీలు వేడెక్కితే పీడనం దాదాపు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. మధ్యాహ్నం గుంటూరు నుంచి వచ్చి వారధి దాటాక కొలిస్తే పొద్దుటి కన్నా నాలుగైదు ఎక్కువే చూపిస్తుంది. అది చూసి గాలి తీయించకండి.

ఇక్కడే మన ఊళ్లలో బాగా పాతుకుపోయిన మాటొకటుంది: ఎండాకాలం టైర్లు పేలతాయి, గాలి తగ్గించి పెట్టించాలని. జరిగేది దీనికి తలకిందులు. గాలి తక్కువైన టైరు నేలకి ఎక్కువగా అణుగుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ దాని పక్క గోడలు మడతపడి సాగుతాయి. ఆ మడతల వల్లే లోపల వేడి పుడుతుంది. మే నెల రోడ్డు వేడి, వంద కిలోమీటర్ల వేగం, నలుగురు మనుషుల బరువు దానికి తోడైతే రబ్బరు, దారాలు విడిపోతాయి. పేలే టైర్లలో చాలావాటి కథ గాలి తక్కువవడంతోనే మొదలవుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలోనూ స్టిక్కరు మీది అంకే పెట్టించండి, కాకపోతే పొద్దున్నే పెట్టించండి. మామూలు గాలికి బదులు నైట్రోజన్ పెట్టించినా ఇదే లెక్క.

అరుగుదల చూడటానికి కొలబద్ద అక్కర్లేదు. టైరు మీది గాడుల లోపల అక్కడక్కడా అడ్డంగా చిన్న రబ్బరు గట్లుంటాయి. పై రబ్బరు అరిగి వాటితో సమానమైందంటే లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినట్టు. కారుకి చట్టం ఒప్పుకునే కనీస లోతు అదే. మోటారు సైకిలుకి 0.8. తడి రోడ్డు మీద నీటిని పక్కకి తోసేది ఆ గాడులే కాబట్టి, నేనైతే వానాకాలానికి ముందే, ఇంకా కాస్త లోతుండగానే మార్చేస్తాను. ఒక అంచే అరుగుతుంటే వీల్ అలైన్‌మెంటు, అంటే చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూపించాలి. అది వెళ్లొచ్చు అనే జాబితాలోదే, వారం లోపు పని.

తక్కువ తిరిగే బళ్లకు అరుగుదల కన్నా వయసు ముఖ్యం. టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. ఆరేళ్లు దాటిన టైరు కొత్తగా మెరుస్తున్నా, పక్క గోడల మీద సన్న బీటలుంటే హైవే మీదికి తీసుకెళ్లకండి.

లైట్లు, అద్దాలు

హెడ్‌లైట్లు, ఇండికేటర్లు ముందు నుంచి చూసుకోవచ్చు. బ్రేకు లైట్లకి ఇంకో మనిషి కావాలంటారు గానీ, వెనక గోడో షాపు షట్టరో ఉన్న చోట బండి పెట్టి బ్రేకు తొక్కితే ఎర్ర వెలుగు అద్దంలో కనిపిస్తుంది. ఒకటి వెలగకపోతే మెకానిక్ దాకా, రెండూ వెలగకపోతే కదపకూడదు. కారణం స్విచ్చి కావచ్చు, కానీ వెనకొచ్చే లారీకి ఆ సంగతి తెలియదు. ముందు అద్దాన్ని తడిగుడ్డతో తుడవండి. దుమ్ము మీద పొడిగా వైపర్ ఆడిస్తే గీతలు పడి, రాత్రి ఎదుటి లైట్ల వెలుగు ఆ గీతల్లో పగిలి కళ్లు చెదురుతాయి.

లోపల కూర్చున్నాక

ముందు కాళ్ల దగ్గర చూడండి. నీళ్ల సీసా సీటు కిందనుంచి దొర్లి బ్రేకు పెడల్ వెనక ఇరుక్కుంటే ఎంత గట్టిగా తొక్కినా పెడల్ దిగదు. మ్యాటు మీద మ్యాటు వేసి, పైది జారి యాక్సిలరేటరుని పట్టేయడం కూడా అంతే ప్రమాదం. సీసా తలుపు గూటిలో, మ్యాటు ఒక్కటే, దాని కొక్కేలు తగిలించి. హవాయి చెప్పులతో నడిపే అలవాటుంటే, విడిచిన చెప్పుల్ని పెడల్స్ దగ్గర వదలకుండా వెనక సీటు వైపు పెట్టుకోండి.

సీటు: బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు కాస్త వంగి ఉండాలి. వీపు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు పై అంచు మీద పడాలి. ఛాతీకి స్టీరింగుకి మధ్య ఓ జానెడు పైనే ఖాళీ ఉంచండి, లోపలి ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడానికి చోటు కావాలి. తల ఆనించే దిండు పై అంచు మీ తల ఎత్తుకి రావాలి. అది మెడకి దిండు కాదు, వెనకనుంచి ఎవరైనా గుద్దితే మెడ విరగకుండా కాపాడేది.

డ్యాష్‌బోర్డు మీద వినాయకుడో వెంకన్నో లేని కారు మన దగ్గర అరుదు. ఉండొచ్చు, కానీ ఎడమ వైపు ఎయిర్‌బ్యాగ్ మూత మీద అంటించకండి. అది విచ్చుకునే వేగానికి విగ్రహం నేరుగా పక్క సీటులో మనిషి ముఖం మీదికొస్తుంది. స్టీరింగు వెనక, మీటర్ల పక్కన చిన్నది పెట్టుకోవచ్చు. మధ్య అద్దానికి వేలాడే దండలు, బొమ్మలు తీసేయండి.

బెల్టు భుజం మీదుగా ఛాతీ మధ్యకి, కింది పట్టీ తుంటి ఎముకల మీదికి రావాలి, పొట్ట మీద కాదు. గర్భిణులకు పొట్ట కింద నుంచి. వెనక కూర్చున్నవాళ్లకీ తప్పనిసరే, పెట్టుకోకపోతే 1000 రూపాయల జరిమానా. వెనక సీటు బకిల్సు సీటు సందులోకి దూరిపోయి ఉంటాయి, వాటిని బయటికి లాగి పెట్టుకోవడం కూడా తనిఖీలో భాగమే. ఒక్కసారి బెల్టుని గట్టిగా గుంజితే లాక్ అవ్వాలి.

ఇప్పుడు తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా రెండు క్షణాలు ఆగండి. హెచ్చరిక దీపాలన్నీ వెలగాలి, ఇంజను మొదలయ్యాక ఆరిపోవాలి. సెకండ్ హ్యాండు బండి కొన్నవాళ్లు ఇక్కడ జాగ్రత్త: ఎయిర్‌బ్యాగ్ దీపం ఆరకపోవడం ఎంత తప్పో, అసలు వెలగకపోవడమూ అంతే తప్పు. ఎవరో లోపం దాచడానికి ఆ దీపాన్నే పీకేసి ఉండొచ్చు. స్టార్టయ్యాక ఎర్రవి మిగిలితే, ముఖ్యంగా ఆయిల్ డబ్బా గుర్తు, థర్మామీటరు గుర్తు, హ్యాండు బ్రేకు దించినా ఆరని బ్రేకు గుర్తు ఉంటే ఇంజను ఆపేయండి. పసుపు దీపం మిగిలితే మెకానిక్ దాకా వెళ్లొచ్చు.

బ్రేకు పరీక్ష

దీనికి అర నిమిషం చాలు. ఇంజను ఆపి ఉన్నప్పుడు బ్రేకుని నాలుగైదుసార్లు తొక్కండి. పెడల్ గట్టిపడుతుంది. అలాగే నొక్కి పట్టుకుని ఇంజను స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగిందంటే బ్రేకుకి బలమిచ్చే బూస్టరు పనిచేస్తోంది. తర్వాత పెడల్ మీద కాలు స్థిరంగా అదిమి ఉంచండి. మెల్లగా నేలదాకా జారిపోతుంటే ఆయిల్ ఎక్కడో కారుతోంది, లేదా ఆ ఆయిల్‌ని చక్రాల వైపు తోసే మాస్టర్ సిలిండరు పోయింది. కదపొద్దు. స్పాంజిలా మెత్తగా ఉండి, రెండుమూడు సార్లు కొడితే గట్టిపడుతుంటే గొట్టాల్లో గాలి చేరింది. దాన్నీ నడపకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.

బండి కదిలాక, వీధి చివర మెయిన్ రోడ్డెక్కే ముందే, వెనక ఎవరూ లేనప్పుడు పది కిలోమీటర్ల వేగంలో ఓసారి బ్రేకు వేసి చూడండి. ఒక పక్కకి లాగినా, ఇనుము ఇనుముని గీసిన చప్పుడొచ్చినా మెకానిక్ దగ్గరికే.

వారానికోసారి బానెట్ కింద

సమతలంగా ఉన్న చోట, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఆయిల్ పుల్ల తీసి తుడిచి మళ్లీ దించి తీస్తే, జిడ్డు రెండు గుర్తుల మధ్య ఉండాలి. పై గుర్తు దాటించి పోయడమూ తప్పే. కూలెంటు డబ్బాలో మట్టం కనిష్ఠం, గరిష్ఠం మధ్య ఉండాలి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయకండి, ఒత్తిడిలో ఉన్న మరిగే ద్రవం ముఖం మీదికి చిమ్ముతుంది. కూలెంటు తగ్గిందని బోరునీళ్లు పోసే అలవాటు మానండి. మన బోరునీళ్లలోని ఉప్పు లోపల పొరలు కడుతుంది.

బ్రేక్ ఆయిల్ తగ్గితే కలిపేసి ఊరుకోకూడదు. అది ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే బ్రేకు ప్యాడ్లు అరిగాయి, లేదా ఎక్కడో కారుతోంది. గాలిలో తేమను పీల్చుకునే గుణం ఉంది కాబట్టి రెండేళ్లకోసారి మార్పించడం మంచిది. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుంటే శుభ్రం చేయించండి. బ్యాటరీల ఆయుష్షు తగ్గించేది ముఖ్యంగా మన ఎండే.

అపార్టుమెంటు సెల్లారులో బండి పెట్టేవాళ్లు ఎలుకల కోసం కూడా చూడాలి. కొరికిన వైరు తొడుగు, చిన్న నల్లటి పెంట, ఎక్కడినుంచో తెచ్చిన చిప్సు కవరు కనిపిస్తే స్టార్ట్ చేయకముందే వైరింగ్ చూపించండి.

వాన పడినప్పుడు

మృగశిర కార్తె వచ్చేలోపే వైపర్ రబ్బర్లు మార్పించండి. ఎండలన్నీ కాచి గట్టిపడిన రబ్బరు మొదటి వానలో అద్దాన్ని తుడవదు, గీతలు గీస్తుంది.

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు బళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. నీళ్లు చక్రాల సగం దాటి ఎక్కిన బండికి ఒకటే తనిఖీ: సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్లలోకి నీరు చేరి ఉంటే అది అణగదు, పిస్టన్ కడ్డీలు వంగిపోతాయి. అలా పోయిన ఇంజనుకి, ఇంజన్ ప్రొటెక్షన్ లేని మామూలు పాలసీలో డబ్బు రావడం కష్టం. నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయో ఫొటో తీసి, బీమా కంపెనీకి చెప్పి, తోయించుకుని వెళ్లండి. ఎలక్ట్రిక్ బండైతే చెయ్యి కూడా పెట్టకుండా కంపెనీ వాళ్లకే వదలాలి.

దూర ప్రయాణానికి

హైదరాబాదో తిరుపతో బయల్దేరే ముందు స్టెప్నీలో గాలి కొలిపించండి. ఎక్కువమంది మర్చిపోయేది దాన్నే. జాకీ, వీల్ స్పానరు, ఎర్ర త్రికోణం డిక్కీలో ఉన్నాయా చూడండి. కొత్త కార్లలో కొన్నిటికి స్టెప్నీ ఉండదు, రిపేరు కిట్టే ఉంటుంది. అది ఎలా వాడాలో ఇంట్లోనే చదివేయండి. జాతీయ రహదారి మీద సాయానికి 1033, అత్యవసరానికి 112, అంబులెన్సుకి 108. కాగితాలు డిజిలాకర్‌లో చూపించినా చెల్లుతాయి, కాకపోతే బీమా, పొల్యూషన్ గడువు తేదీలు ముందురోజే చూసుకోండి.

సైకిలు

పిల్లలు బడికి తొక్కేదైనా, పొద్దున్నే కృష్ణ కరకట్ట మీద తిరిగే గేర్ల సైకిలైనా, పాలకేన్లు కట్టుకునే పెద్ద సైకిలైనా క్రమం ఒకటే. దీనికి చాలావాటికి మధ్య జవాబుండదు. బ్రేకు, హ్యాండిలు, చక్రం సరిగా లేకపోతే షాపు దాకా కూడా తొక్కకూడదు, నడిపించుకెళ్లాలి.

గాలి: బొటనవేలితో నొక్కడం ఒక అంచనా. సీటు మీద కూర్చుని కింద టైరు చూడటం ఇంకా మంచి అంచనా, పక్కలకి బాగా ఉబ్బితే చాలదు. కచ్చితమైన అంకె టైరు పక్కన ఉంటుంది. బంకులో కొట్టిస్తే దగ్గరుండి చూడండి. ఆ యంత్రం కారు టైరుకి తగ్గట్టు ఉంటుంది, సైకిలు ట్యూబు క్షణంలో నిండి పేలిపోతుంది. కొంచెం కొంచెంగా ఆగి ఆగి పెట్టమనండి. రాత్రి కొట్టిన గాలి తెల్లారేసరికి దిగిపోతే పంచరే అనుకోకండి. పాత తరహా వాల్వులో సన్నటి రబ్బరు గొట్టం ఎండకి చిట్లిపోతుంది. వాల్వు మూతికి తడి రాస్తే బుడగలొస్తాయి. అది మారిస్తే చాలు, ఖర్చు నామమాత్రం.

బ్రేకు: మన సైకిళ్లలో ఎక్కువగా కుడిచేతిది ముందు చక్రానికి. కుడి బ్రేకు పట్టి సైకిలుని ముందుకి తోస్తే వెనక చక్రం లేవాలి. ఎడమది పట్టి తోస్తే వెనక చక్రం తిరక్కుండా ఈడ్చుకుపోవాలి. పూర్తిగా పట్టినా బ్రేకు పిడి హ్యాండిలుకి తగలకూడదు. బ్రేకు రబ్బరు రిమ్ముకే ఆనాలి. టైరుకి ఆనితే రెండు వారాల్లో టైరుని కోసేస్తుంది. వైరు చివర పోగులు లేస్తే ఇవ్వాళే మార్చండి. కీచుమంటోందని రిమ్ముకి నూనె రాసే పిల్లలున్నారు, రాస్తే బ్రేకు పట్టదని వాళ్లకి ముందే చెప్పండి. తడిసిన రిమ్ము మీద బ్రేకు ఆలస్యంగా పడుతుంది కాబట్టి వానలో ముందునుంచే పట్టుకుంటూ రావాలని కూడా.

చక్రం: ఎత్తి తిప్పండి. అటూ ఇటూ ఊగితే రిమ్ము అవుట్ వచ్చినట్టు. కొంచెమైతే తొక్కొచ్చు, బ్రేకు రబ్బరుకి తగులుతుంటే షాపుకి. స్పోకుల్ని జతలుగా పిండితే వదులైనది చేతికి తెలుస్తుంది. చక్రాన్ని పక్కలకి కదిపితే టకటకమంటే లోపల ఇరుసు మీద బాల్సుని పట్టి ఉంచే కోను వదులైంది. ఇరుసు నట్లు బిగువుగా ఉన్నాయా, లివరుతో బిగించేదైతే లివరు పూర్తిగా మూసి ఉందా చూడండి.

హ్యాండిలు: ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి హ్యాండిలు తిప్పండి. చక్రం కదలకుండా హ్యాండిలు ఒక్కటే తిరిగితే ఎక్కకూడదు.

చైను: ఒక్క గేరు సైకిలుకి మధ్యలో వేలితో ఎత్తితే సెంటీమీటరు, ఒకటిన్నర ఆడాలి. వేలాడితే ఊడుతుంది, బిగుసుకుంటే అరుగుతుంది. నూనె నాలుగు చుక్కలు వేసి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేయండి, లేకపోతే దుమ్మంతా దానికే అంటుకుంటుంది. చైను కవరు లేని సైకిలు మీద చున్నీ, పంచె అంచు, వదులు ప్యాంటు ముందుగా సర్దుకోవాలి. పిల్లల పుస్తకాల సంచి హ్యాండిలుకి వేలాడదీయొద్దు, క్యారియరుకో భుజాలకో ఉండాలి.

పెడల్ వదులైతే ఎడమదాని మర రివర్సు అని గుర్తుంచుకోండి, అది అపసవ్య దిశలో బిగుస్తుంది. సీటు ఎత్తు, కింది పెడల్ మీద కాలు కొద్దిగా వంగేట్టు. సీటు గొట్టం మీద ఉన్న హద్దు గీత పైకి కనిపించకూడదు. గంట మోగాలి, వెనక ఎర్ర రిఫ్లెక్టరు మట్టి పట్టి ఉంటే తుడవాలి, సంధ్య దాటాక ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు ఉండాలి. హెల్మెట్ చట్టప్రకారం సైకిలుకి అక్కర్లేదు, అయినా పెట్టుకోండి. కనుబొమల పైన రెండు వేళ్ల ఎత్తులో, గడ్డం కింద ఒక వేలు పట్టేంత బిగువుగా.

ఆఖరున వీధిలోనే ఇరవై గజాలు నెమ్మదిగా తొక్కి, ముందుది ఒకసారి, వెనకది ఒకసారి బ్రేకు వేసి, ఎడమకీ కుడికీ తిప్పి చూడండి. చైను ఒక్క పన్ను జారినా దిగి, అక్కడినుంచి నడిపించుకుంటూ సైకిలు షాపుకి వెళ్లండి.